కుంచంలో తగ్గిన శేరు

పసులగాసే పిల్లగాడికి నెల జీతం కుంచెడు గింజలు. అందులోనూ తాలు కలిపి పోశారు. కొలిచి చూస్తే శేరు తక్కువ వచ్చింది. సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడ’ పాటలో ఒక చరణం మొత్తం ఈ లెక్కే. అందులో తిట్టు లేదు, నినాదం లేదు, పిడికిలి లేదు. ఎంత ఇస్తామన్నారు, ఏం కలిపారు, కొలిస్తే ఎంత తగ్గింది అన్న మూడు ముక్కలు చెప్పి, ఇది తలుచుకుంటే నీకు ఏడుపు రాదా అని అడిగి ఊరుకుంటుంది. దోపిడీ అన్న మాట వాడకుండా దోపిడీని శేరుతో సహా కొలిచి చూపించిన పాట ఇది. తెలంగాణ పోరాట పాటల్లో ఇంతకంటే గట్టిగా అరిచినవి చాలా ఉన్నాయి. ఇంత నికరంగా కొలిచింది మరొకటి నాకు తట్టడం లేదు.

హనుమంతు అసలు ఇంటిపేరు గుర్రం. జనం ఊరి పేరునే ఆయన ఇంటిపేరు చేసేశారు. పుట్టింది మోత్కూరు దగ్గరి పాలడుగులో, చేనేత కుటుంబంలో. పెరిగిందీ పాటలు కట్టిందీ సుద్దాలలో. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా గుండాల మండలం. హైదరాబాదులో దొరికిన చిన్న సర్కారు కొలువు వదులుకొని ఊరికి వచ్చి ఆంధ్రమహాసభలో కలిశారు. 1944లో ఆ మహాసభ పదకొండో సమావేశాలు భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగాయి. మితవాదులు, అతివాదులు విడిపోయిన సభ అదే. అక్కడి నుంచి సంఘం ఊళ్లలోకి దిగింది. దాంతోపాటు పాట కూడా దిగాలి. చదువు రాని జనానికి కరపత్రం పనికి రాదు కదా. సంఘానికి హనుమంతు అవసరం అక్కడే పడింది.

చదువరి ఒకసారి ‘పల్లెటూరి పిల్లగాడ’ పాట నడకను గమనించాలి. మొదటి పని పిలుపు. పాట ఎవరి గురించో చెప్పదు, ఒక పిల్లవాడిని ఆపి వాడితోనే మాట్లాడుతుంది. ఆ పిలుపులోనే రెండు పొసగని సంగతులు పక్కపక్కన కూర్చున్నాయి. వాడి బుగ్గల్లో ఇంకా పసితనం పోలేదు, అప్పటికే వాడు జీతగాడు. ఈ రెంటినీ ఒకే సంబోధనలో ఇరికించడంతో కవికి ఇక వ్యాఖ్యానించే పని తప్పింది. పాలు మరిచి ఎన్నాళ్లయిందిరా అని అడిగేసరికి వినేవాళ్లలో ఉన్న తల్లి వాడి వయసు తానే లెక్కగట్టుకుంటుంది.

రెండో పని, చరణానికి ఒక్క వస్తువు. ఒళ్లు సగమే కప్పే చింపిరి అంగీ. తాటి జెగ్గలతో చేసుకున్న కాలి జోడు. నెత్తి మీద గోనె చింపు. కాల్లో దిగిన ముల్లు. ఆ తరవాత ఆ కుంచెడు జీతం. దాదాపు ప్రతి చరణం ఒక్క దాని మీదే నిలబడుతుంది, రెండో దాన్ని తొందరపడి లోపలికి లాగదు. తాటి జెగ్గల చెప్పులు తొడుక్కున్న కాలు ఎట్లా తడబడుతుందో చూసినవాడే రాయగలడు. ‘పేద బాలుడు’ అని రాయడానికి చూడక్కర్లేదు, బల్ల ముందు కూర్చుంటే చాలు.

మూడోది, ప్రశ్న. చరణం చివర వాడిని ఏదో ఒకటి అడుగుతుంది. వాడు జవాబు చెప్పడు. చెప్పనివ్వలేదు కవి. ఆ ఖాళీలో పాడేవాడు దీర్ఘం తీసినంతసేపూ గుంపు ఆలోచిస్తుంది. పోచంపల్లి నేతలో రంగు బట్ట నేశాక అద్దరు, నూలు మగ్గం ఎక్కకముందే చిటికీ కట్టి పట్టిస్తారు. ఈ పాటలో కోపం కూడా పైన అద్దింది కాదు. అంగీలో, చెప్పులో, శేరులో ముందే పట్టి ఉంది.

హనుమంతు ఒక్క ఈ బాణీలోనే ఆగిపోలేదు. ‘వెట్టిచాకిరి విధానమో రైతన్నా’ మరో తీరు పాట. అది పిల్లవాడితో గుసగుస కాదు, రైతులతో పంచాయితీ. వీటికంటే ఆయన పనితనం బాగా తెలిసేది ప్రదర్శన రూపాల దగ్గర. గొల్ల సుద్దులు, పిట్టల దొర, బుడబుక్కల, ఫకీరు వేషం... ఊళ్లోకి ఎప్పుడూ వచ్చే కళలివి. కొత్తగా నేర్పాల్సిన పని లేదు. గొంగడి భుజాన వేసి, కర్ర పట్టుకొని, గజ్జె కట్టి ఒకడు కథ ఎత్తుకుంటే పక్కవాళ్లు అడ్డు ప్రశ్నలు వేస్తారు, వెక్కిరిస్తారు, వంత పాడతారు. పురాణం చెప్పిన ఆ నోటితోనే ఆయన దొర గడీ కథ చెప్పించారు. ఇందులో ఉన్న తెలివి చూడండి. అడ్డు ప్రశ్న వేసే పక్కవాడు ఉన్నాడు కాబట్టి అనుమానం ఉన్న రైతు అనుమానాన్ని వాడే అడిగేస్తాడు. ఉపన్యాసంలో ఈ వెసులుబాటు లేదు. పైగా పోలీసులు సభను ఆపగలరు గానీ ఊళ్లోకి వచ్చిన పిట్టల దొరను ఎన్నిసార్లని ఆపుతారు?

పాటకు వాద్యం అక్కర్లేదు, రాతప్రతి అక్కర్లేదు. ఒక ఊళ్లో విన్నవాడు ఇంకో ఊళ్లో పాడాలి. మోసుకుపోవడానికి వీలుగా కట్టడం ఆ కాలపు పాటగాళ్ల తప్పనిసరి షరతు. చాలామంది ఆ షరతుకు లొంగి పాటను పలుచన చేశారు. హనుమంతు చిక్కదనం తగ్గకుండా తేలిక చేశారు.

1940ల నాటి ‘పల్లెటూరి పిల్లగాడ’ పాట 1979లో సినిమాకు ఎక్కింది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. అందులో బండి యాదగిరి రాసిన ‘బండెనక బండి కట్టి’ గద్దర్ గొంతులో ఉరిమింది. జనానికి ముందుగా గుర్తొచ్చేది అదే, న్యాయమే. కానీ సినిమాకు అసలు నేల వేసింది హనుమంతు పాట. ఒక స్త్రీ గొంతు, పెద్దగా వాద్యం లేదు, పసులు, పిల్లవాడు. పాట సినిమా కోసం రాసింది కాదు, అయినా తెర మీద ఒక్క చరణం కూడా అతకనట్టు అనిపించదు. చరణానికి ఒక్క వస్తువు అన్నాను కదా, కెమెరా కోరుకునేదీ అదే. ముప్పై ఏళ్ల ముందే ఆయన షాట్లు విడగొట్టి పెట్టినట్టుంది. గొంతు స్త్రీది కావడం కూడా పాటకు కలిసొచ్చింది. ఆ ప్రశ్నలు అడిగే హక్కు ఊళ్లో తల్లికే ఎక్కువ.

ఇట్లా ముందు పుట్టిన పాట తరవాత వచ్చిన సినిమాకు ప్రాణం కావడం అన్ని దేశాల్లోనూ అరుదే. జపానులో ఒక మంచి ఉదాహరణ ఉంది. అరాయి యుమి, తన పాట తానే రాసి, బాణీ కట్టి, పాడుకునే గాయని. 1973లో తొలి ఆల్బం ‘హికోకిగుమో’ తెచ్చారు. విమానం వెనక ఆకాశంలో మిగిలే తెల్ల గీత మీద, చిన్న వయసులో వెళ్లిపోయిన ప్రాణం మీద ఆ పేరు పాట. నలభై ఏళ్ల తరవాత, 2013లో, హయావో మియజాకి విమానాలు గీసే ఇంజనీరు మీద తీసిన ‘ది విండ్ రైజెస్’ యానిమేషన్ చిత్రానికి అదే పాట తీసుకున్నారు. 1989 నాటి ‘కికీస్ డెలివరీ సర్వీస్’లోనూ ఆమె పాత పాటలే. ఆమె లోకం వేరు, హనుమంతు లోకం వేరు. ఒకరిది రికార్డింగ్ స్టూడియో, ఒకరిది రచ్చబండ. కానీ పాటలో సందర్భాన్ని వివరించకుండా వస్తువును మాత్రమే పెట్టి వదిలేస్తే, దశాబ్దాల తరవాత కూడా ఎవరో దర్శకుడు దానిలోకి తన బొమ్మను నడిపించుకు రాగలడని ఇద్దరి పాటలూ చూపించాయి.

హనుమంతు 1982లో పోయారు. కొడుకు అశోక్ తేజ బడిపంతులుగా పనిచేశారు. సినిమా పాటల్లోకి వచ్చింది 1994లో ‘నమస్తే అన్న’తో. అక్కడ పని తలకిందులు. తండ్రి కాలంలో మాట ముందు, బాణీ దాని వెంట. సినిమాలో ఎక్కువగా బాణీ ముందు. సంగీత దర్శకుడు తననన అని వినిపిస్తాడు, దర్శకుడు సన్నివేశం చెబుతాడు, ఆ అక్షరాల కొలతలో కవి మాట కూర్చోవాలి. జపాను టీవీ యానిమే మొదట్లో వచ్చే పాటకైతే సుమారు తొంభై సెకన్లే. ఆ కాస్తలోనే కథ వాసన తగలాలి. కొలత ముందే ఉన్నప్పుడు కవి సత్తా ఏమిటన్నది మిగిలిన చోటును ఏం చేశాడన్న దాన్ని బట్టి తెలుస్తుంది.

‘ఠాగూర్’లోని ‘నేను సైతం’ పాటకు 2003 సంవత్సరపు జాతీయ అవార్డు వచ్చింది. అంతకుముందు తెలుగులో ఆ గౌరవం శ్రీశ్రీకి, వేటూరికే దక్కింది. శ్రీశ్రీ పలుకుబడిని తలుపుగా పెట్టుకొని లోపలికి నడవడం మామూలు సాహసం కాదు. తలుపు ఎత్తుగా ఉంటే ఇల్లు పొట్టిగా కనపడుతుంది. అశోక్ తేజ తట్టుకున్నారు, మెచ్చుకుంటాను. అయినా నాకు ఆయన పనితనం అవార్డు పాటలో కంటే ‘ఫిదా’లోని ‘వచ్చిండే’ లాంటి చోట ఎక్కువగా కనపడుతుంది. ఇంట్లో ఆడపిల్ల మాట్లాడే తెలంగాణ మాట, దాని సాగదీత, దాని ముద్దు, ఏవీ బాణీ కింద నలగకుండా కూర్చున్నాయి. తేలిక పాట రాయడం తేలిక కాదు.

‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ దగ్గర మాత్రం తగువు వచ్చింది. పల్లవి జనం నోట ఉన్నది, చరణాలు అశోక్ తేజవి. ఆ జానపదాన్ని ముందు పాడి వెలుగులోకి తెచ్చినవాళ్లకు పేరు దక్కాలన్న మాట లేచింది, దర్శకుడు శేఖర్ కమ్ముల కల్పించుకోవాల్సి వచ్చింది. గొల్ల సుద్దుల రూపాన్ని హనుమంతు తీసుకున్నప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అప్పుడు పాట నుంచి పైసా పుట్టేది కాదు. ఇప్పుడు పుడుతుంది, కనక అడగాల్సిందే.

అశోక్ తేజ పాటల్లో తండ్రి పనితనానికి నిజమైన వారసత్వం ‘ఆర్ఆర్ఆర్’లోని ‘కొమురం భీముడో’. కీరవాణి బాణీ, కాలభైరవ గొంతు. జనం ముందు భీమ్‌ను కట్టి కొరడాతో కొడుతున్నారు, మోకాళ్ల మీద పడమంటున్నారు. ఇక్కడ చేతకాని కవి అయితే కొట్టేవాడిని తిట్టిస్తాడు, లేదా వీరుడిని పొగిడిస్తాడు. అశోక్ తేజ ఈ రెండూ చేయలేదు. భీమ్ తనను తానే పేరు పెట్టి పిలుచుకుంటాడు. తండ్రి పాటలోని పిలుపే ఇది, అయితే పిలిచేదీ పలికేదీ ఒకడే.

పాట నడక షరతుల మీద. వంగితే నువ్వు ఈ అడవి తల్లికి పుట్టినట్టా, కన్నీరు జారితే ఆ తల్లి పాలు తాగినట్టా అన్న ధోరణి. ఒక్కో దెబ్బకు ఒక్కో షరతు. పాట సాగుతున్న కొద్దీ దెబ్బ తగలడం, షరతు నెగ్గడం ఒకేసారి జరుగుతుంటాయి. అందులో ఒకచోట ‘బాంచెన్ కాల్మొక్త’ అన్న పాత గడీ మాటను, నోట రాకూడని మాటగా, వాడారు. నల్లగొండ పల్లెల్లో తాతల నోట నలిగిన మాట అది. హనుమంతు తరం దేని మీద పోట్లాడిందో అదంతా ఆ రెండు మాటల్లో ఉంది. సినిమా కథ ఢిల్లీలో, శత్రువు తెల్లవాడు. అయినా భీమ్ నిరాకరించే దండం మాత్రం నిజాం రాజ్యపు దండం. చారిత్రక కొమురం భీమ్ పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగింది నిజాం బలగాల ముందే కదా. కవి ఒక్క మాటతో సినిమాను దాని అసలు ఊరికి తీసుకొచ్చి మళ్లీ ఢిల్లీలో దింపారు.

ఆ సినిమా 2022 అక్టోబరు 21న జపానులో విడుదలై, ఏళ్ల తరబడి ‘ముత్తు’ పేర ఉన్న భారతీయ చిత్రాల వసూళ్ల రికార్డును దాటింది. 2024 జనవరిలో తకరజుకా నాటక సమాజం వేదిక ఎక్కించింది. అక్కడ నటులంతా స్త్రీలే. రే మకోతో భీమ్ వేషం కట్టారు, నాటకం భీమ్ వైపు నుంచే నడిచింది. సినిమా చూసిన జపాను ప్రేక్షకుడికి బాంచెన్ అంటే ఏమిటో తెలియాల్సిన పని లేదు. వంగితే నేను నేను కాను అన్న షరతు ఏ భాషలోనైనా అర్థమవుతుంది, కొరడా చప్పుడు సరేసరి. భువనగిరి ప్రేక్షకుడికి మాత్రం అదే చోట ఇంకో దెబ్బ అదనంగా వినపడుతుంది. ఒకే చరణం రెండు లోతుల్లో పని చేయడమంటే ఇది. పైలోతు అందరికీ, అడుగు లోతు తెలిసినవాళ్లకు. తెలియనివాళ్లకు ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు.

తండ్రి పాటలో పిల్లవాడు ఒక్క ముక్క మాట్లాడడు. కొడుకు పాటలో కట్టేసి ఉన్నవాడొక్కడే మాట్లాడతాడు, చుట్టూ ఉన్న జనం విని లేస్తారు. ఇందులో ఏది గొప్ప అని నన్ను అడిగితే తండ్రిదే అంటాను. కొడుకు వెనక కీరవాణి ఉన్నారు, రాజమౌళి ఉన్నారు, తెర నిండా ఎన్టీఆర్ ముఖం ఉంది. తండ్రికి పాడేవాడి గొంతు తప్ప మరో ఆసరా లేదు. అయితే ఇన్ని ఆసరాల మధ్య మాట నలిగిపోకుండా నిలబెట్టడం ఇంకో రకం కష్టం. ఆ కష్టం హనుమంతు పడాల్సి రాలేదు.