చెట్టు కొసన తెల్లటి చుక్క

సియాటిల్ పక్కన సమామిష్ సరస్సంటే రెడ్‌మండ్‌లో ఉండే మనవాళ్లకు వేసవి పిక్నిక్కులు, బార్బెక్యూ పొగ. ఒడ్డున కూర్చుంటే అంతే మరి. కయాక్ ఎక్కితే బాల్డ్ ఈగిల్స్ కనబడతాయి.

ఇండియా నుంచి వచ్చే చుట్టాలు వాటికోసం ఆకాశమంతా వెతుకుతారు. ఆ గద్దకు ఎగరడం మీద అంత మోజు లేదు. రోజులో ఎక్కువసేపు ఏ డగ్లస్ ఫర్ కొసనో, కాటన్‌వుడ్ కొమ్మ మీదో కూర్చునే ఉంటుంది. ఒడ్డుకు ఎడంగా తెడ్డు వేస్తూ, చెట్ల తలలు వరసగా చూసుకుంటూ పోవాలి. ముదురాకుపచ్చలో సున్నం బొట్టు పెట్టినట్టు కనిపిస్తే అదే. పిల్లగద్దలను పోల్చుకోవడమే కష్టం. నాలుగైదేళ్లు నిండేదాకా తల తెల్లబడదు, ఒళ్లంతా గోధుమరంగు మచ్చలే.

చలికాలంలో ఆ శ్రమ కూడా తగ్గుతుంది. మన చెరువుల్లోని బొల్లికోళ్లకు దాయాదులు, కూట్ పక్షులు, నీటి మీద ఎక్కడివక్కడ మేస్తుంటాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కచోటికి జరిగి, ఒకదాన్నొకటి ఆనుకుని గుంపు కట్టాయంటే తెడ్డు ఆపి తలెత్తాలి. నా బైనాక్యులర్స్ కంటే వాటి భయాన్నే ఎక్కువ నమ్ముతాను.

సినిమాల్లో ఈగిల్‌ని చూపించి వినిపించే ఆ భీకరమైన కేక చాలాసార్లు రెడ్ టెయిల్డ్ హాక్‌ది. రెక్కలు చాపితే రెండు మీటర్లుండే ఈగిల్ అసలు గొంతు వట్టి కిచకిచ. బుద్ధీ గొప్పదేం కాదు. ఆస్ప్రే కష్టపడి చేపను పట్టుకుంటే, అది వదిలేదాకా వెంటపడి లాక్కుంటుంది. 1784లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూతురికి రాసిన ఉత్తరంలో ఈ దొంగబుద్ధినే దుయ్యబట్టాడు. ఆయన కోపం సబబే. నేను మాత్రం ఆ దొంగతనం చూడ్డానికే వెళ్తాను. 2024 డిసెంబరులో చట్టప్రకారం జాతీయ పక్షి హోదా కూడా వచ్చేసింది దీనికి.

అసలు మిగలడమే గొప్ప. 1963లో అలాస్కా, హవాయి పోను అమెరికా అంతటా గూడు కట్టిన జంటలు 417. చేపల ద్వారా ఒంట్లో చేరిన డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పల్చబడి, పొదిగే పక్షి బరువుకే చితికిపోయేవి. 1972లో డీడీటీని నిషేధించారు. 2007 నాటికి ఇది ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోంచి బయటపడింది.

గూడు కట్టే కాలంలో పడవను గూటికి 330 అడుగుల దూరంలో ఉంచాలంటారు, నేనింకా దూరంగానే ఉంటాను. నీళ్లలో తేలుతూ వచ్చిన ఈకనైనా మనబోటివాళ్లు దగ్గర పెట్టుకోవడం నేరం. పుస్తకంలో నెమలీక దాచుకుని పెరిగినవాళ్లకు ఇదొక్కటే మింగుడుపడదు. మొన్న మా అమ్మాయి తెడ్డుతో ఒక ఈకను లాగబోతే వద్దన్నాను. "మరి ఫోటో తీసుకోవచ్చా నాన్నా, దానికీ చట్టముందా?" అని విసుక్కుంది.