రంగూను రేవు అల్లరులు: రెండు గ్రంథములలో కోరంగి కూలీ

గోదావరీ సాగరసంగమమున, యానామునకు చేరువనున్న కోరంగి రేవు పేరు సముద్రము దాటి ఒక ప్రజకే పేరయ్యెను. బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలని వ్యవహరించిరి. 1930 మే నెలలో రంగూనున చెలరేగిన అల్లరులకు మొదట గురియైనవారు వీరే. ఆ యల్లరులను ప్రస్తావించిన గ్రంథములలో కోరంగి కూలీకి లభించిన స్థాన మెట్టిదో విచారింపదగియున్నది.

1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనము సుమారు 4 లక్షలు. అందు సగమునకు పైగా భారతీయులు. రేవులో మూటలు మోయుట, రిక్షాలు లాగుట విశేషముగా తెలుగువారి వృత్తులు. కూలి పెంపు కోరి రేవు కూలీలు సమ్మె కట్టగా, సరుకు దించు కంట్రాక్టర్లు బర్మీయులను కుదుర్చుకొనిరి. రాజీ కుదిరినంతనే, మే 26న, ఆ బర్మీయులను పనిలేదని త్రిప్పి పంపిరి. రేవున మొదలైన కొట్లాట నగరమంతట వ్యాపించెను. వందమందికి మించి మరణించిరి. వారిలో భారతీయులే అధికులు.

నాడు రంగూను జిల్లా మేజిస్ట్రేటుగా నుండిన మారిస్ కాలిస్, 1938లో ‘ట్రయల్స్ ఇన్ బర్మా’ యను గ్రంథమున ఈ ఘట్టమును వర్ణించెను. తోడి ఆంగ్లేయుల దురహంకారమును దాచని నిజాయితీ ఆ గ్రంథమున కలదు. బర్మీయులయెడ సానుభూతియు కలదు. కాని దాని కేంద్రము న్యాయాధికారి మనస్సు. కోరంగి కూలీ అందు గుంపుగా కనబడునే గాని, మనుష్యుడై మాటాడడు.

నళినీరంజన్ చక్రవర్తి 1971లో ప్రకటించిన ‘ది ఇండియన్ మైనారిటీ ఇన్ బర్మా’ ఈ లోపమును కొంత పూరించినది. చెట్టియార్ల వడ్డీ వ్యాపారము, బర్మా రైతు భూమి కోల్పోవుట, 1937లో బర్మా వేరుపడుట, 1942 నాటి వలస, ఇవన్నియు అందు ఒక వరుసలో నిలుచును. అయినను అది ప్రధానముగా రాజకీయ చరిత్ర. కూలీ యింటి గడప దాటి లోనికి పోదు.

ఈ యల్లరులను జాతివైరమని మాత్రమే చెప్పుట చాలదు. ఒకే కూలికి ఇద్దరు పేదలను పోటీపెట్టినవారు కంట్రాక్టర్లు. దెబ్బలు తిన్నవారు పేదలు. మన తప్పును మరువరాదు. అప్పు పెట్టి మనుష్యులను ఓడ యెక్కించి, వారి కూలిలో పాలు తీసికొన్న మేస్త్రీలు పెక్కురు తెలుగువారే. భూమి పోగొట్టుకొని పట్టణము చేరిన బర్మీయుని ఆకలియు నిజమే. ఈ రెంటిని విడిచి వ్రాసిన చరిత్ర ఫిర్యాదగును గాని విమర్శ కాజాలదు.

1964 నాటి జాతీయీకరణము తరువాత తిరిగివచ్చినవారి గుర్తుగా విశాఖపట్టణము కంచరపాలెమున బర్మా క్యాంపు పేరు నిలిచియున్నది. 1930 నాటి కూలీ నేడు లేడు. అతని మనుమలు కలరు. వారి యిండ్లలోని ఉత్తరములు, ఓడ చీట్లు, తాతలు చెప్పిన మాటలు సేకరింపవలెను. పరభాషా ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. రెండు గ్రంథములును విడిచిన ఆ మూడవ పుటను వ్రాయవలసినవారు వీరే.