క్రియాటినిన్ పెరిగిన నాడే టీకా

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట వస్తే చర్చ నీళ్ల దగ్గర మొదలై డయాలసిస్ మంచాల దగ్గర ఆగుతుంది. రెండూ కావలసినవే. వాటి మధ్య మనం అంతగా మాట్లాడుకోని పని ఒకటుంది: కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగిందని తేలిన మనిషికి, డయాలసిస్ దాకా రాకముందే హెపటైటిస్-బి టీకా పూర్తిచేయడం. కవిటి, సోంపేట, పలాసల్లో వారానికి రెండు మూడుసార్లు రక్తాన్ని యంత్రంలోంచి తిప్పించుకునేవారికి ఆ వైరస్ ముప్పు ఎక్కువ. డయాలసిస్ దాకా వచ్చాక వేస్తే చాలదా అంటే, చాలదు. కిడ్నీలు చెడినప్పుడు తెల్లకణాలు తగినంతగా పెరగలేకపోవడం అందుకు ఒక కారణం. అవి ఇంధనం వాడుకుని ఎలా పెరుగుతాయో ముందు చూద్దాం.

తెల్లకణాల్లో ఒక రకమైన టి-కణం పని లేనప్పుడు పొదుపరి. గ్లూకోజును ఆక్సిజన్‌తో పూర్తిగా మండించి, ఒక్కో అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టే శక్తి నాణేలు) రాబట్టుకుంటుంది. టీకాలోని వైరస్ ముక్కను గుర్తుపట్టగానే పద్ధతి మారుస్తుంది. గ్లూకోజును ఎడాపెడా లాక్కుని, చాలావరకు సగంలోనే లాక్టేట్‌గా వదిలేస్తుంది. ఆ దారిలో దక్కేది రెండే ఏటీపీలు. పెళ్లికి గాడిపొయ్యి తవ్వినట్టు, కట్టెలు ఎక్కువ తగలబడినా వంట తొందరగా దిగుతుంది. మధ్యలో పుట్టే ముడిసరుకే కొత్త కణాలకు డీఎన్‌ఏగా, పొరలుగా మారుతుంది. కణం అలా వందలుగా, వేలుగా పెరిగితేనే ప్రతిరక్షకాలు తయారుచేసే బి-కణాలకు తోడు దొరికి అవి బాగా పుడతాయి. కిడ్నీలు చెడినప్పుడు ఈ కణాలు పనిచేసే రక్తమే మారిపోతుంది. వ్యర్థాలు పేరుకుంటాయి, ఆమ్లత పెరుగుతుంది. మోనోసైట్లనే మరో రకం తెల్లకణాలు శత్రువు లేకుండానే రేగి ఉంటాయి, టి-కణాలేమో పిలిచినా తగినంతగా విభజన చెందవు. ఆరోగ్యవంతుల్లో నూటికి 90 మందికి పైగా రక్షణ ఇచ్చే టీకా, డయాలసిస్ రోగుల్లో 60 దరిదాపుల్లోనే ఆగడం, కొన్నిచోట్ల ఇంకా తగ్గడం అందుకే.

అలాగైతే డయాలసిస్ వారికి టీకా దండగేనా? కాదు. మామూలు 20 మైక్రోగ్రాములకు బదులు 40 చొప్పున, 0, 1, 2, 6 నెలల్లో నాలుగు డోసులు వేసి, తర్వాత ప్రతిరక్షకాలను పరీక్షించి, తగ్గితే మళ్లీ వేస్తారు. కానీ అదే కణం ఇంకాస్త మంచి రక్తంలో ఉన్నప్పుడు అడిగితే తక్కువ శ్రమతో ఎక్కువ ఇస్తుంది. జబ్బుకు మూలమే తేలలేదు, టీకాల గొడవ ఇప్పుడెందుకన్న మాటా వినిపిస్తుంది. మూలం ఏదైనా ఈ కణాల కష్టం మారదు. కూలి మానుకుని అన్నిసార్లు ఎవరొస్తారన్నదే అసలు చిక్కు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. జీడితోటల్లో పనిచేసే నలభై, యాభై ఏళ్లవాళ్లు పసిపిల్లల టీకాల్లో ఇది చేరకముందే పుట్టారు కాబట్టి చాలామందికి మొదటి డోసు కూడా పడి ఉండదు. అయితే రక్తపరీక్షకు వాళ్లు ఎలాగూ వస్తున్నారు. క్రియాటినిన్ అంకె వేసే చీటీ మీదే టీకా తేదీలూ రాసి, మొదటిది అక్కడే వేసి పంపవచ్చు.