చొక్కా తొడుక్కోవడం నేర్పే చదువు

పక్షవాతం వచ్చిన పెద్దాయనకు చొక్కా తొడగడం ఇంట్లోవాళ్లకు రెండు నిమిషాల పని. ఆక్యుపేషనల్ థెరపిస్టు మాత్రం తొడగదు, పక్కన కూర్చుని ఆయన చేతే తొడిగిస్తుంది. చొక్కాను ఒళ్లో పరిచి, పట్టు తప్పిన చేతిని ముందు దూర్చి, మంచి చేత్తో భుజం దాకా లాక్కోమంటుంది. విప్పేటప్పుడు పట్టు తప్పిన చెయ్యి ఆఖరున. "తొందరేం లేదు బాబాయ్ గారూ, కానివ్వండి" అంటూ అరగంటైనా ఆగుతుంది. సాయం చేయగలిగి కూడా చేతులు కట్టుకుని కూర్చునే ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.

అన్నం కలుపుకోవడం, స్నానం, బాత్‌రూమ్ గోడకు కడ్డీ ఎక్కడ బిగించాలో చూడడం, అన్నీ ఈ పనిలోవే. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు చిక్కుతుంది. కొందరికి ఎడమవైపు ఏముందో మెదడుకు ఆనదు. వాళ్లకు కావలసిన వస్తువును కావాలనే అటువైపు పెట్టి, తల తిప్పి వెతికిస్తారు.

మన దేశంలో ఈ చదువుకు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో కమలా నింబ్కర్ పునాది వేశారు. అయినా ఫిజియోథెరపీ తెలిసినంతగా ఇది జనానికి తెలియదు.

ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే ఈ థెరపీ గురించి డాక్టరును తప్పక అడగండి. పడిపోయిన చేతిని పట్టి మాత్రం లేపకండి, భుజం కీలు దెబ్బతింటుంది.