తాతగారి తొంభై ఏళ్లు

అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరి, మాట బీపీ మాత్రల మీదికి మళ్లిందంటే చాలు, ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "మా వంశంలో తొంభైకి ముందు పోయినవాళ్లు లేరండీ. మాది గట్టి ప్రాణం." మాత్ర మానేయడానికీ, పొద్దుటి నడక వాయిదా వేయడానికీ, మూడోసారి ఆవకాయ వడ్డించుకోవడానికీ ఇంతకన్నా పూచీ ఏం కావాలన్న ధీమా అందులో ఉంటుంది. ఈ వారం ఆ మాట మరీ ఎక్కువగా చెవిన పడి చిరాకు పుట్టించింది. ఉప్పుకూ పొగాకుకూ వ్యతిరేకంగా నా పట్టు పాతదే. ఆ రెండింటికీ అండగా నిలబడుతున్న ఈ నమ్మకాన్నే ఈసారి పరీక్షకు పెట్టాలనిపించింది. తాతగారి ఆయుష్షు మనవడికి ఆస్తిలా సంక్రమిస్తుందా?

ఒకరు యాభైలో పోవడానికీ, ఇంకొకరు తొంభై దాటడానికీ మధ్య ఉన్న తేడాలో పుట్టుకతో వచ్చేదెంత అన్నది శాస్త్రజ్ఞులు చాలాకాలంగా కవలల సాయంతో లెక్కగడుతున్నారు. డెన్మార్క్‌లో 1870, 1900 మధ్య పుట్టిన 2,872 కవల జంటల ఆయుర్దాయాలను పోల్చి 1996లో ప్రకటించిన అధ్యయనంలో జన్యువుల వాటా సుమారు నాలుగో వంతు అని తేలింది. 2018లో ఆ వాటా ఇంకా తగ్గింది. అమెరికాలో జనం తమకు తాము తయారుచేసుకున్న వంశవృక్షాలను కలిపి, 40 కోట్లకు పైగా మనుషుల పుట్టుక, చావుల వివరాలు చూసిన పరిశోధకులు, అది పదో వంతు కూడా ఉండదన్నారు. వాళ్ల లెక్కల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరొకటి. రక్తసంబంధం లేని భార్యాభర్తల ఆయుష్షులు కూడా దగ్గరదగ్గరగా ఉన్నాయి. అక్కడితో ఆగలేదు, ఒకే ఇంట్లో కాపురం లేని బావమరుదులు, వదినా మరదళ్ల మధ్య కూడా ఆ పోలిక కనిపించింది. మనుషులు తమలాంటి వాళ్లనే చూసి పెళ్లి చేసుకుంటారు కాబట్టి అన్నది వాళ్లు చెప్పిన కారణం. సంబంధం చూసేటప్పుడు చదువు, ఆస్తి, ఆచారం, తిండి అన్నీ సరిచూసుకునే మనకు ఇది కొత్తగా వివరించనక్కర్లేదు. మేనరికాలు ఎక్కువగా జరిగిన మన ఇళ్లలోనైతే వియ్యాలవారూ రక్తసంబంధీకులూ చాలాసార్లు ఒకరే. అక్కడ రక్తం నుంచి వచ్చిందేదో, వంటింటి నుంచి వచ్చిందేదో విడదీయడం ఇంకా కష్టం. 'వంశం' అని మనం అంటున్నదాంట్లో జన్యువులతో పాటు పొయ్యి, పొలం, చదువు, చేతిలో డబ్బు అన్నీ కలిసి ఉన్నాయి.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. అమెరికాలో థామస్ పెర్ల్స్ బృందం నూరేళ్లు నిండినవాళ్ల తోబుట్టువులను పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వాళ్లతో పాటు అదే కాలంలో పుట్టిన మామూలు జనంతో పోలిస్తే ఆ అన్నదమ్ములు నూరేళ్లకు చేరే అవకాశం 17 రెట్లు, అక్కచెల్లెళ్లు చేరే అవకాశం 8 రెట్లు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఈమధ్య పాత కవలల లెక్కలనే తిరగేసి, ప్రమాదాలూ అంటువ్యాధులూ లాంటి బయటి కారణాల వల్ల వచ్చే చావులను పక్కన పెడితే జన్యువుల వాటా సగం దాకా వెళ్తుందని వాదించారు. ఇవి కొట్టిపారేయదగ్గవి కావు. కానీ 17 రెట్లు అన్నా మొదటి అంకె చాలా చిన్నది, నూరు దాటేవాళ్లు ఏ దేశంలోనైనా అతి కొద్దిమంది. ఇక వాటా సగం అన్న లెక్క మొత్తం జనంలో కనిపించే తేడాల గురించి చెబుతుందే తప్ప, ఫలానా ఇంట్లో ఫలానా మనవడికి హామీ ఇవ్వదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువకాలం బతికినట్టు నమోదైన జాన్ కాల్మాఁ సంగతే చూడండి. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో 1875లో పుట్టి 1997లో, 122వ ఏట పోయింది. ఆమె అన్న కూడా తొంభై దాటాడు. ఆమె ఒక్కగానొక్క కూతురు 1934లో ఊపిరితిత్తుల జబ్బుతో, ఒక్కగానొక్క మనవడు 1963లో కారు ప్రమాదం వల్ల, ఇద్దరూ ముప్పై ఏడు నిండకుండానే పోయారు.

అసలు మన వంశాల దీర్ఘాయుష్షు లెక్కే సరైనది కాదు. 1911, 1921 జనగణనల మధ్య పదేళ్లలో భారతదేశంలో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం ఇరవై ఏళ్ల దగ్గరే ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా అది ముప్పై రెండు ప్రాంతం. తొంభై ఏళ్లు బతికిన తాతగారికి ఎనిమిదిమంది తోబుట్టువులుంటే వాళ్లలో పురిట్లో పోయినవాళ్లు, మశూచికి పోయినవాళ్లు, తొలి కాన్పులో పోయిన అక్క ఎవరికీ గుర్తుండరు. గోడమీద పటం తాతగారిదే ఉంటుంది. బతికి బట్టకట్టినవాళ్లను మాత్రమే లెక్కేసుకుని వంశానికి గట్టి ప్రాణమని తీర్మానించడం న్యాయం కాదు. పొగాకు విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లోపలికి పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు తరాల తరబడి ఉంది. మంట నేరుగా అంగిటికి తగలడం వల్ల అక్కడి ఆడవాళ్లలో అంగిటి క్యాన్సర్ ఎక్కువని వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నారు. అయినా "మా మామ్మ అడ్డపొగ తాగి ఎనభై అయిదేళ్లు బతికింది" అనే వాదం చెక్కుచెదరలేదు. ఆ మామ్మ పక్కింటి ఆవిడ నలభై తొమ్మిదో ఏట మెతుకు మింగలేక పోయిన సంగతి ఆవిడ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. ఇలాంటి వాదానికి అసలైన జవాబు రిచర్డ్ డాల్ బృందం ఇచ్చింది. బ్రిటన్‌లోని వైద్యులనే 1951 నుంచి యాభై ఏళ్లపాటు వెంబడించి చూసింది. సిగరెట్ తాగేవాళ్లు తాగనివాళ్ల కంటే సగటున పదేళ్లు ముందు పోతున్నారు. ముప్పైలో మానేస్తే ఆ పదేళ్లూ దక్కుతాయి, నలభైలో మానేస్తే తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మానేసినా మూడేళ్లు. అరవై దాటాక ఇంకేం మానతాంలే అనేవాళ్లు ఆ చివరి అంకెను మరోసారి చదవాలి. మూడేళ్లంటే మనవరాలిని బడిలో వేయడం చూడగలిగేంత కాలం.

అయితే వంశాన్ని వదిలేసి తాతగారి అలవాట్లు పట్టుకుంటే సరిపోతుందా? రాగిసంకటి, జొన్నరొట్టె, తెల్లవారుజామున లేవడం, పెందరాళే తినడం, ఇవన్నీ ఇప్పుడు ప్రవచనాలుగా మారాయి. నేనూ వీటికి వ్యతిరేకిని కాను. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. తాతగారు ఆ అలవాట్లను ఆరోగ్యం కోసం ఎంచుకోలేదు. బస్సు లేదు కాబట్టి నడిచారు, వరన్నం పండగనాడే దొరికేది కాబట్టి జొన్నన్నం తిన్నారు, కరెంటు లేదు కాబట్టి చీకటి పడగానే పడుకున్నారు. పరిస్థితి చేయించిన పనిని సంకల్పం చేయించిందని పొరబడుతున్నాం. లండన్‌లో జెరెమీ మోరిస్ 1953లో ప్రకటించిన పరిశోధనలో డబుల్ డెక్కర్ బస్సు డ్రైవర్లు, కండక్టర్లను పోల్చి చూశారు. ఒకే కంపెనీ, ఒకే బస్సు. రోజంతా కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే, రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు బాగా తక్కువ. కండక్టర్లు వ్యాయామం చేద్దామనుకుని మెట్లెక్కలేదు, టికెట్లు కొట్టడానికి ఎక్కారు. ఆ మోరిస్ తాను మాత్రం కోరి వ్యాయామం చేస్తూ తొంభై తొమ్మిది దాకా బతికారు. జపాన్‌లోని ఒకినావా దీవులది దీనికి ఎదురు కథ. చిలగడదుంప, సోయా, సముద్రపు నాచు తిని నూరేళ్లు బతికే మనుషులని పేరున్న చోటది. మగవాళ్ల ఆయుష్షులో జపాన్‌లోని 47 ప్రాంతాలలో 1995లో నాలుగో స్థానంలో ఉన్న ఒకినావా 2000 నాటికి 26వ స్థానానికి పడిపోయింది. 1972 దాకా సాగిన అమెరికా పాలన, సైనిక స్థావరాల వెంట వచ్చిన డబ్బా మాంసం, బర్గర్లు, కార్లు యువతరం తిండినీ నడకనూ మార్చేశాయి. అయిదేళ్లలో జన్యువులు మారవు. తాతలు బతికే ఉండగా మనవలు ముందు పోవడం అక్కడ కళ్లముందు జరిగింది. వ్యవసాయం చేసిన శరీరానికి సరిపోయిన మూడు పూటల అన్నం, కుర్చీలో పన్నెండు గంటలు కూర్చునే శరీరానికి చక్కెర జబ్బవుతుంది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి పెద్ద సర్వే దేశంలో మధుమేహ రోగులు 10 కోట్లు దాటారని చెప్పింది. వాళ్ల తాతముత్తాతల్లో గట్టి ప్రాణాలు ఎంతమందో!

ఇంతదూరం వచ్చాక వంశం సంగతి పూర్తిగా పక్కన పెట్టేయాలన్న తీర్మానానికి వస్తానని పాఠకులు అనుకుని ఉంటారు. రాయడం మొదలుపెట్టినప్పుడు నా మొగ్గూ అటే. కానీ సాక్ష్యం అటు తీసుకుపోవడం లేదు. వంశంలో ఎక్కువకాలం బతికినవాళ్లు మనకు చెప్పేది తక్కువ. త్వరగా పోయినవాళ్లు చెప్పేది చాలా ఎక్కువ. తండ్రికో అన్నకో యాభై అయిదు లోపు, తల్లికో అక్కకో అరవై అయిదు లోపు గుండెపోటు వస్తే దాన్ని వైద్యులు మిగతా కుటుంబానికి హెచ్చరికగా లెక్కవేస్తారు. పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే జన్యులోపం సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. చిన్న రక్తపరీక్షతో అనుమానం పట్టుకోవచ్చు, చవకైన మాత్రలతో అదుపులో పెట్టవచ్చు. 52 దేశాల్లో సలీం యూసుఫ్ నాయకత్వంలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందనీ, మిగతావాళ్లకు 59 దగ్గర వస్తోందనీ తేలింది. అదే అధ్యయనం గుండెపోటు ముప్పులో తొంభై శాతం పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట కొవ్వు లాంటి తొమ్మిది కారణాలతోనే వివరించవచ్చనీ, అవన్నీ మనం మార్చుకోగలిగినవో వైద్యంతో అదుపు చేయగలిగినవో అనీ చెప్పింది. పుట్టుకతోనే ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు అలవాట్లు ఏం సాయపడతాయని అడగవచ్చు. 2016లో సుమారు 55 వేలమందిని చూసిన అధ్యయనంలో, జన్యుపరంగా అత్యధిక ముప్పు ఉన్నవాళ్లలో పొగతాగకపోవడం, బరువు అదుపులో ఉంచుకోవడం, కదులుతూ ఉండడం, మంచి తిండి తినడం, వీటిలో కనీసం మూడు పాటించినవాళ్లకు, ఒక్కటి మాత్రమే పాటించినవాళ్లతోనూ ఏదీ పాటించనివాళ్లతోనూ పోలిస్తే, గుండెజబ్బు సగానికి దగ్గరగా తగ్గింది. పుట్టుకతో ముప్పున్నవాడికి మంచి అలవాటు మరింత విలువైనది, గట్టి ప్రాణం ఉందనుకునేవాడికి కూడా అది అనవసరం కాదు.

ఇక్కడే మన ఇళ్లలో పెద్ద లోటు ఉంది. తద్దినం పెట్టే కుటుంబాలు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో సహా పొల్లుపోకుండా చెబుతాయి. ఆ ముగ్గురిలో ఎవరు దేనితో పోయారని అడిగితే చెప్పగలిగే ఇల్లు అరుదు. యాభై రెండేళ్ల మనిషి భోజనం చేసి పడుకుని తెల్లారి లేవకపోతే, "అదృష్టవంతుడు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయాడు" అని ఓదార్చుకుంటాం. ఓదార్పు అవసరమే, కానీ ఆ ఓదార్పు కింద ఒక గుండెపోటు సమాధి అయిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత అదే వయసులో కొడుకు పోయినప్పుడు దాన్ని విధి అంటాం. ప్రభుత్వ రికార్డులూ ఆదుకోవు: దేశంలో నమోదయ్యే మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతుకు మించవు. చిన్నమ్మ కాలు తీసేయాల్సి వచ్చిన పుండు, పెదనాన్న చూపు పోవడం, మేనత్త మాట పడిపోవడం, ఇవన్నీ షుగరు, బీపీల చరిత్ర. అవి ఇంట్లో ఆడవాళ్ల జ్ఞాపకాల్లో మాత్రమే భద్రంగా ఉన్నాయి. ఆ తరం వెళ్లిపోతే వంశంలో పనికొచ్చే సమాచారం వాళ్లతోనే వెళ్లిపోతుంది.

ఇవన్నీ తవ్వితే భయం పట్టుకోదా, పెళ్లి సంబంధాలు తప్పిపోవా అని అడిగేవాళ్లుంటారు. నుదుట రాసినంతే బతుకుతాం అనేవాళ్లూ ఉంటారు. సంబంధాల భయానికి నేను తేలిగ్గా సమాధానం చెప్పలేను. మన సమాజంలో అది నిజమైన భయమే. ఊరంతా చాటమని నేను అనడం లేదు, ఇంట్లో ఒక కాగితం మీద ఉంటే చాలు. మిగతా భయం మాత్రం తెలియకపోవడం వల్ల పెరిగేదే. బీపీ ఎక్కువుందని నలభైలో తెలిసినవాడు మాత్ర వేసుకుని పనికి పోతాడు, అరవైలో పక్షవాతంతో తెలిసినవాడు మంచాన పడతాడు. రాసినంతే బతుకుతామని నమ్మేవాళ్లు కూడా మశూచికి టీకాలు వేయించుకున్నారు, అందుకే ఇప్పుడు మశూచి లేదు.

కాబట్టి ఈసారి ఇంట్లో పెద్దవాళ్లంతా కలిసినప్పుడు తాతగారు ఎన్నేళ్లు బతికారని కాకుండా, చిన్నవయసులో ఎవరు పోయారో, దేనితో పోయారో అడగండి. పేరు, వయసు, జబ్బు, మూడే గడులు గీసుకుని రాయండి. తల్లివైపూ తండ్రివైపూ రెండూ రాయండి. ఆ కాగితం మీ పిల్లలకు ఇవ్వండి, మీ డాక్టరుకు చూపించండి. ముప్పై దాటిన ప్రతివారికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సర్ పరీక్షలు, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డబ్బు తీసుకోకుండా చేయాలన్నది జాతీయ కార్యక్రమం నియమం. వెళ్లి అడగండి.