కనుక్కోవడం అంటే అడగడం కూడా

ఒక ఏడు దసరా సెలవులకు ముందు తొమ్మిదో తరగతి పిల్లలను కదిరి వైపు తిమ్మమ్మ మర్రిమానుకు తీసుకెళ్ళాం. తిరిగొచ్చాక 'నేను చూసిన ప్రకృతి' అని వ్యాసం రాయమన్నాను. దిద్దడానికి కూర్చుంటే నోటుపుస్తకాలన్నీ ఒకరిది చూసి ఒకరు రాసినట్టే ఉన్నాయి. పచ్చని తివాచీ, కనువిందు చేసే సోయగాలు, పక్షుల కిలకిలారావాలు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దారి పొడుగునా వేరుశనగ చేలు ఎండిపోయి ఉన్నాయి. మాను కింద తప్ప ఎక్కడా నీడ లేదు. పిల్లలు కిటికీలోంచి చూసింది ఒకటి, రాసింది ఇంకొకటి.

ఒక్క నోటుపుస్తకం వేరేగా ఉంది. తాండా నుంచి వచ్చే ఆ అమ్మాయి బస్సు ఖర్చుకు డబ్బుల్లేక మాతో రాలేదు. సర్కారు ఇచ్చిన సైకిలు మీద వాళ్ళ యాడితో సీతాఫలాలకు కొండకు పోయిన సంగతి రాసింది. సైకిలు ఎక్కడిదాకా పోతుంది, ఎక్కడ దిగి తోయాలి, సర్కారుతుమ్మ ముల్లు దిగితే ఏం చేయాలి, ఏ వాలున కాయ ముందు కన్ను విచ్చుతుంది, చెలమలో నీళ్ళు ఎన్నాళ్ళు ఉంటాయి, గాలిమరల కోసం వేసిన రోడ్డు పశువుల దారిని ఎక్కడ కోసేసింది, అన్నీ రాసింది. కొండను 'డుంగర్' అనీ, దారిని 'వాట్' అనీ రాసింది. నేను పదికి నాలుగు మార్కులు వేసి, కింద ఎర్ర సిరాతో ఇలా రాశాను: 'ప్రకృతి వర్ణన లేదు. పరభాషా పదాలు వాడరాదు.'

నేనూ తాండాలో పుట్టినవాణ్ణే. ఆ పదాలు నా ఇంటి పదాలే. వాటిని పరభాష అని రాసిన చెయ్యి నాదే. ఆ ఎర్ర సిరా నాకు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోవడానికే ఈ వ్యాసం.

మన సీమ కొండలను గురించి రాసిన పాత పుస్తకాలలో పేరున్నది 1905లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ తయారుచేసిన అనంతపురం జిల్లా గెజిటీర్. పనికొచ్చే పుస్తకమే. వాన, నేల, చెరువులు, కరువులు, కోటలు అన్నీ వరసగా చెబుతుంది. కానీ దాని పొందిక చూడండి. కొండలు ఒక అధ్యాయంలో ఉంటాయి, మనుషులు మరో అధ్యాయంలో ఉంటారు, అడవులు ఇంకో అధ్యాయంలో. పాలించేవాడికి అలా విడదీసి చూడటం అవసరం. ఒకదానికి పన్ను, ఒకదానికి లెక్క, ఒకదానికి కాపలా. ఆ కొండ మీద రోజూ తిరిగే మనిషికి అవి మూడూ ఒకటే. ఆ తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలూ, పర్యాటక కరపత్రాలూ ఎక్కువగా ఈ పొందికనే పట్టుకున్నాయి. నా పిల్లల వ్యాసాల్లో మనుషులు లేకపోవడానికి మొదలు ఇక్కడుంది.

తెలుగులో యాత్రా రచనకు పెద్ద దిక్కు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి పోయి 1831లో తిరిగి వచ్చాడు. దారి బాగోగులు, దిగే చోటు, నీటి వసతి, అంగళ్ళు అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. అంత ఓపిక ఇప్పటి రచయితల్లో తక్కువ. అయితే ఆయన పోయింది పల్లకిలో. ఆ కొండదారుల్లో కాలు మోపి నడిచింది పల్లకి మోసిన బోయీలు. ఎక్కడ రాయి జారుతుందో, ఎక్కడ భుజం మార్చుకోవాలో తెలిసినవాళ్ళు వాళ్ళు. ఆ కాళ్ళ జ్ఞాపకం వాళ్ళ చేతిరాతలో మనకు దక్కలేదు. ఇది వీరాస్వామయ్య తప్పని అనను. రాసే చెయ్యి ఒకరిది, నడిచే కాలు ఒకరిది అయినప్పుడు పుస్తకం ఎక్కడ ఆగిపోతుందో చూపడానికే చెప్పాను.

ఇప్పుడు తాడిపత్రికి అవతల, ఎర్రమల కొండల దగ్గరున్న బెలుం గుహల సంగతి చూద్దాం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించి రాశాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1980లలో, డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి పోయి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. కొలత తీసినవాళ్ళ కష్టాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ 'గుహలను కనుగొన్నారు' అని మనం అలవాటుగా రాస్తాం. అక్కడి ఊరివాళ్ళకు ఆ బిలాలు ముందే తెలుసు. ఫుట్ కంటే వేల ఏళ్ళ ముందే మనుషులు వాడిన కుండపెంకులు లోపల దొరికాయి.

తెలుగులో 'కనుక్కోవడం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వెతికి చూడటం ఒకటి, అడిగి తెలుసుకోవడం ఒకటి. 'ఆయన ఎట్లున్నాడో కనుక్కో' అంటే పోయి అడుగు అని. మన ప్రకృతి రచనలో మొదటి అర్థం మిగిలి రెండోది రాలిపోయింది. నా విమర్శ అంతా ఈ ఒక్క మాట మీదే.

అడగకపోవడం ఒక నష్టమైతే, నడవనివ్వకపోవడం ఇంకో నష్టం. మద్రాసు రాష్ట్రంలో 1911 చట్టం కింద ఎరుకలవాళ్ళను, ఇంకొన్ని సంచార తెగలను 'నేరస్థ జాతులు'గా ప్రకటించారు. పేరు నమోదైనవాడు హాజరు వేయించుకోవాలి, చోటు మారితే చెప్పాలి. కొందరిని కంచె వేసిన సెటిల్‌మెంట్లలో ఉంచారు. స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. సరిగ్గా ఆ కాలంలోనే, 1932 ఏప్రిల్ 24న, ఇంగ్లండులో మాంచెస్టరు ప్రాంతపు కార్మికులు వందలమంది భూస్వాముల ఆంక్షను ధిక్కరించి కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. ఐదుగురు జైలుకు పోయారు. 1949లో అక్కడ జాతీయ వనాల చట్టం రావడానికి ఆ నడక ఒక మెట్టు అయింది. ఏలేవాడి దేశంలో పేదలు నడిచే హక్కు కోసం కొట్లాడుతుంటే, ఇక్కడ పక్క ఊరికి పోతే జవాబు చెప్పుకోవాల్సిన మనుషులు ఉన్నారు. కాబట్టి ఒక ఎరుకల కుర్రవాడు సైకిలెక్కి పెనుకొండ చూసి వస్తే అది సరదా మాత్రమే కాదు. వాళ్ళ తాతకు లేని వీలు అది.

ఇక మన రాతల్లోని లోపం కూడా చెప్పుకోవాలి. పత్రికలు మనల్ని 'అడవి బిడ్డలు' అంటాయి. మనమూ కవితల్లో అదే రాసుకుంటాం. నల్లమల చెంచులకు ఆ మాట అతుకుతుంది. సుగాలీలకు ఎంతవరకు అతుకుతుంది? మన పెద్దలు అడవిలో కదలకుండా ఉన్నవాళ్ళు కాదు. లదేణీ మనుషులు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశాలు దాటినవాళ్ళు. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన ఇంగ్లీషు సైన్యానికి తిండిగింజలు మోసింది కూడా బంజారా ఎద్దులే. అది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి కాకపోవచ్చు, దాచాల్సిందీ కాదు. గుత్తి దగ్గరి సేవాగఢ్ సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటని మన నమ్మకం. ఆయన సమాధి మహారాష్ట్రలోని పోహ్రాగఢ్‌లో ఉంది. పుట్టిన చోటుకూ సమాధికీ మధ్య ఎంత దారి ఉందో చూడండి. మనం అడవి బిడ్డలం అయితే అయ్యాం గానీ, అంతకు ముందు దారి బిడ్డలం. ఎవరో ఇచ్చిన పేరు బాగుందని తొడుక్కుంటే మన దారుల చరిత్ర మన చేతుల్లోంచే జారిపోతుంది.

దగ్గరలో ఉన్న ఒక మంచి ఉదాహరణ చెన్నేకొత్తపల్లి, రొద్దం వైపున్న కల్పవల్లి. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ తోడుగా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోడి కొండలను కాపాడి మళ్ళీ చెట్లు లేపారు. ఈత, రేగు, తంగేడు, బోదగడ్డి, గుట్టల్లో తోడేళ్ళు. ఆ తర్వాత ఆ కొండల మీద గాలిమరలు వచ్చాయి, వాటికి రోడ్లు వచ్చాయి, వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. కాగితాల్లో ఆ భూమి బంజరు. ఈ కథలో నాకు పాఠం ఇది: కొండకు ఎవరు ఎందుకు పోతారో రాసిపెట్టి లేకపోతే, ఎవరూ పోరనే అనుకుంటారు. ఏ దారి ఏ పశువులదో, ఏ వాలు ఏ ఊరి ఈతదో రాసిన పిల్లల వ్యాసం ఒకనాటికి సాక్ష్యం కూడా అవుతుంది. నేను నాలుగు మార్కులు వేసింది అట్లాంటి సాక్ష్యానికి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లలను బస్సెక్కించి దూరం తీసుకెళ్ళడం మంచిదే. దాంతో పాటు ఊరి చుట్టూ పది కిలోమీటర్లు నడిచో, సైకిలు మీదో పోయి రమ్మనండి. వర్ణన అడగొద్దు. నాలుగు ప్రశ్నలు ఇవ్వండి. ఈ గుట్టకు మీ ఇంట్లో ఏం పేరు, పక్క ఊళ్ళో ఏం పేరు? ఇక్కడ నీళ్ళు ఎక్కడ, ఎన్నాళ్ళు? ఎవరు, ఏ నెలలో, ఏ పనికి వస్తారు? ఒకప్పుడు పోనిచ్చి ఇప్పుడు పోనివ్వని చోటు ఏది? జవాబులు గోర్‌బోలిలో వస్తే తెలుగు లిపిలో అట్లాగే రాయనివ్వండి.

యువకులకు ఇంకో మాట. అడిగి తెలుసుకున్నదంతా రాయాలనేం లేదు. మందుమొక్క ఉన్న చోటు, తేనె పట్టే బండ, వేసవికి దాచుకున్న చెలమ, వీటిని ఫోటో తీసి ఫోనులో పెట్టే ముందు ఆ ఇంటి పెద్దలను అడగండి. వద్దంటే వద్దు. కనుక్కోవడంలో అదీ భాగమే.

ఆ నోటుపుస్తకం ఆ ఏడే తిరిగి ఇచ్చేశాను. నాలుగు అంకె కొట్టేసే వీలు ఇప్పుడు లేదు. ఆమె రాసిన చెలమ మా బడికి ఎంతో దూరం లేదు, కానీ నేను ఇంతవరకు చూడలేదు. ఈ ఎండలు తగ్గాక సైకిలు మీద ఆ తాండాకు పోయి, వాళ్ళ యాడిని కనుక్కోవాలి.