గిజిగాని గూడు, మన చేతులు

వానలు పడ్డాక బాసర చుట్టుపక్కల పొలాల్లో, బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ ఈతమట్టలకూ గిజిగాని గూళ్లు వేలాడుతుంటాయి. మన ఊళ్ల నుంచి అక్షరాభ్యాసానికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు ఆ చెట్ల పక్కనుంచే గుడికి పోతారు. 2008లో ఇక్కడ ట్రిపుల్ ఐటీ మొదలైనప్పటి నుంచి మన తండాల, గూడేల పిల్లలు కూడా చదువు కోసం బాసరకు వస్తున్నారు. అక్షరం దిద్దడానికి వచ్చే ఈ ఊళ్లో, అక్షరం రాని ఒక పిట్ట మీద రాసిన పద్యాన్ని మేము మళ్లీ చదవాలనుకున్నాం. ఆ పద్యం గుర్రం జాషువా రాసిన 'గిజిగాడు'.

బడిలో ఈ పద్యాన్ని మనం ప్రతిపదార్థం కోసం చదివాం. ఛందస్సు గుర్తుపట్టి, గణవిభజన చేసి, మార్కులు తెచ్చుకున్నాం. పిట్టను మాత్రం చూడలేదు. జాషువా (1895–1971) చేసిన పని దీనికి తిరుగుడు. ఆయన ముందు పిట్టను చూశాడు. అది తెచ్చుకునే గడ్డిపోచను, గాలికి ఊగే దాని ఇంటిని చూశాడు. తర్వాత దాన్ని పేరు పెట్టి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు మాట్లాడాడు. హంస, చిలుక, కోకిల లాంటి పేరున్న పక్షుల కోసం కావ్యాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పొలంగట్టు మీది చిన్న పిట్టను పనిమంతునిగా గుర్తించి గౌరవించడం ఈ పద్యంలోని పెద్ద సంగతి. అంటరానితనం బాధను అనుభవించిన కవికి, ఎవరూ పట్టించుకోని చేతిపని విలువ కనిపించడంలో ఆశ్చర్యం లేదు. సాలీడు మీద కూడా ఆయన పద్యాలు రాశాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో, గుడిలోకి రానివ్వని మనిషి తన మొరను శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి లేని దారి గబ్బిలానికి ఉంది మరి!

ఇక్కడ మనం ఇంకో పాత పద్యాన్ని పక్కన పెట్టి చూడాలి. ఆదికావ్యం పుట్టుకే పిట్టతో ముడిపడిందని చెబుతారు. క్రౌంచ పక్షుల జంటలో ఒకటి బాణం దెబ్బకు పడిపోతే వాల్మీకి నోట శ్లోకం వచ్చింది. ఆ శ్లోకంలో జాలి పక్షికి, శాపం నిషాదునికి. నిషాదుడంటే అడవిలో వేటాడి బతికే మన లాంటివాడే. వాని ఇంట్లో ఆకలి ఉందా, వానికీ పిల్లలున్నారా అని ఆ కథ అడగదు. పిట్ట మీద జాలిని మేము కాదనడం లేదు. ఆ జాలి మనిషిని దాటి పోయిందని మాత్రమే అంటున్నాం. జాషువా పద్యంలో అలాంటి శాపం లేదు. పిట్ట ఉంది, దాని పని ఉంది, చూసి మెచ్చుకునే మనిషి ఉన్నాడు. అందుకే ఈ పద్యం మనకు దగ్గరిది.

దగ్గరిదే గానీ, ఒకచోట మాకు పేచీ ఉంది. ఇలాంటి ఇల్లు కట్టడం మనుషుల వల్ల కాదని కవి అంటాడు. మెచ్చుకోలు కోసం అన్నమాటే అది. కానీ ఆదిలాబాద్ కొలాముల ఇళ్లకు పోయి చూడండి. వెదురును చీల్చి, పలుచని పేళ్లు తీసి, తడకలూ గంపలూ అల్లే చేతులు కనిపిస్తాయి. గిజిగాడు ముక్కుతో చేసే పనిని వాళ్లు వేళ్లతో చేస్తారు. కవి చూసిన మనుషుల్లో ఈ అల్లేవాళ్లు లేరేమో అనిపిస్తుంది.

ఇంకా పెద్ద ప్రమాదం ఈ పద్యాన్ని చదివే తీరులో ఉంది. పిట్ట పనితనం పుట్టుకతో వచ్చిందని చెప్పి ఊరుకుంటాం. ఆ మాటనే మన మీదికీ తెస్తారు: "అడవిబిడ్డలకు ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయి." వినడానికి పొగడ్తలా ఉంటుంది. కానీ నేర్చుకున్న విద్యను, పడిన కష్టాన్ని ఆ మాట తుడిచేస్తుంది. పుట్టుకతో వచ్చిన దానికి కూలి ఎందుకు, గురువు ఎందుకు, సర్టిఫికెట్ ఎందుకు?

నిజానికి పిట్ట సంగతి కూడా అంత తేలిక కాదు. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ మహారాష్ట్ర తీరంలోని కిహీంలో గిజిగాళ్లను ఓపికగా గమనించాడు. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లిన గూటిని ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే ఒప్పుకుంటుంది. అప్పుడు మిగతాది పూర్తిచేసి, మగపిట్ట ఇంకో గూడు మొదలుపెడుతుంది. పరీక్ష పెట్టేది ఆడపిట్ట అన్నమాట. ఆఫ్రికా నేతపిట్టల మీద కాలియాస్ దంపతులు చేసిన పరిశీలనల్లో మరో సంగతి తేలింది. చిన్నప్పుడు గడ్డిపోచలు దొరకని పిట్టలు, పెద్దయ్యాక సరిగా అల్లలేకపోయాయి. అంటే పుట్టుకతో వచ్చేది కొంతే. మిగతాది అలవాటుతో, తప్పులు చేస్తూ, పోచ దొరికితేనే వస్తుంది.

ఈ చివరి మాట దగ్గర మేము ఆగిపోయాం. పోచ దొరక్కపోతే పిట్టకే అల్లిక రాకపోతే, వెదురు దొరకని కొలాము పిల్లకు ఎట్లా వస్తుంది? 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరించుకునే హక్కు మనకిచ్చింది. ఆ హక్కు కాగితం మీదే మిగిలితే గూడు పద్యంలోనే మిగులుతుంది. భాషకూ అంతే. ఇంట్లో గోండీ, కొలామీ వినబడకుండా పెరిగిన బిడ్డను, మన మాట ఎందుకు రాదని తప్పుపట్టలేం.

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒకటే. 'గిజిగాడు' పాఠం వచ్చిన రోజు పిల్లలను ఒక్క గంట బయటికి తీసుకుపోండి. గూటిని తెంపకుండా దూరం నుంచి చూపించండి. ఈ పిట్టను మీ ఇంట్లో ఏమంటారని అడిగి, ఆ పేరును బోర్డు మీద తెలుగు పేరు పక్కనే రాయండి. దండారిలో గుస్సాడీలు తలకు పెట్టుకునే నెమలి ఈకల టోపీ గురించి చెప్పించండి. గోండీలో నెమలిని మల్ అంటారని తెలిసిన బిడ్డ, ఆ రోజు మొత్తం తరగతికి గురువవుతాడు. వీలైతే తడకలు అల్లే అవ్వను బడికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

యువతకు ఇంకో మాట. జాషువా పిట్టను చూసి పద్యం రాశాడు. ఆయనకు కనిపించని చేతులు మనకు తెలుసు. మన అమ్మమ్మల చేతులవి. వాటి మీద రాయాల్సినవాళ్లం మనమే.